పచ్చరంగు కట్టెలు

కంపెనీ పక్కనే ఉండే ఓబులమ్మ ఆవు వంటషెడ్డు వెనక బూడిదకుప్ప పక్కన కూలబడి, కాళ్ళు కొట్టుకుంటూ ప్రాణం విడిచింది. పొయ్యి దగ్గరున్న పాపక్క పరుగెత్తుకొచ్చేసరికే దాని నోటి చుట్టూ నురగ, మూతినిండా బూడిద. ఉప్పగా ఉండేదేమో, కొన్నాళ్ళుగా తాడు తెంపుకుని మరీ వచ్చి ఆ బూడిదను నాకేది.

ఓబులమ్మ దాని మెడ మీద పడి ఏడుస్తుంటే కాంట్రాక్టరు సుబ్బరాయుడు ట్రాక్టరు తెప్పించాడు. "ప్లాస్టిక్కు కవర్లు తిని సచ్చుంటాది. కంపెనీ జాగాలోకి పసువును వదిలిన నిన్ను అనాల ముందు," అన్నాడు. పశువుల డాక్టరు చూసేదాకా ఉంచమని ఆమె కాళ్ళు పట్టుకుంది. అతను విదిలించుకుని ఆవును ఎత్తించేశాడు.

అది జిగణి శివార్లలో కట్టెల కంపెనీ. స్తంభాలు, పెద్దపెద్ద పెట్టెలు తయారుచేస్తారు. మడకశిర, పావగడ వైపు నుంచి వచ్చిన కూలీలు కంపెనీ వెనక రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్ళకు వండిపెట్టే కాంట్రాక్టు సుబ్బరాయుడిది, పొయ్యి ముందు కూర్చునే బతుకు పాపక్కది. మొదట్లో గ్యాసు ఉండేది. తర్వాత అతను సిలిండర్లు తీసేయించి, కంపెనీలో పనికిరాని చెక్కముక్కలు, విరిగిన స్తంభాలు, రంగు పూసిన ప్లైవుడ్డు తెచ్చి కుప్ప పోయించాడు. చెదలు పట్టకుండా మందులో నానబెట్టిన కట్టె అది. చీలిస్తే లోపల కూడా ఆకుపచ్చగా ఉండేది. ముట్టిస్తే కళ్ళలో కారం కొట్టినట్టుండేది, నాలుక మీద తుప్పు రుచి తగిలేది. పాపక్క అరచేతులు మొద్దుబారి పగుళ్ళిచ్చాయి. కూరగాయలు తరిగే ఆడవాళ్ళలో దగ్గని మనిషి లేదు.

ఆవు లేకపోయినా ఓబులమ్మ పిలిచిన పశువుల డాక్టరు నళిని వచ్చింది. బూడిద చూసింది, కట్టె చూసింది, ఎన్నాళ్ళుగా కాలుస్తున్నారని అడిగింది. పాపక్క చెప్పగానే ఆమె మొహం మారిపోయింది.

"ఈ మందులో పాషాణం ఉంటుందమ్మా. కట్టె కాలినా అది కాలదు. పొగతో మీ ఊపిరిలోకి పోతుంది, మిగిలింది బూడిదలో ఉంటుంది. దీన్ని చేత్తో కూడా ముట్టకండి."

పాపక్క తన అరచేతుల వైపు చూసుకుంది. ఆ బూడిదతోనే రోజూ గుండిగలు, కంచాలు తోమింది. తళతళ మెరుస్తున్నాయని మురిసిపోయింది కూడా.

సుబ్బరాయుడిని అడిగితే ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు. కంపెనీని అడిగితే వంట సంగతి కాంట్రాక్టరుదన్నారు. కాలుష్యం ఆఫీసులో పురసభకు, అదే మున్సిపల్ ఆఫీసుకు పొమ్మన్నారు. పురసభలో, ఫ్యాక్టరీ కాంపౌండు లోపలిది మాకు రాదన్నారు. తిరిగి తిరిగి ఓబులమ్మ చెప్పులు తెగాయి. ఆఖరికి తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఆ పొద్దున్నే ఎక్కడినుంచో గ్యాసు సిలిండర్లు ప్రత్యక్షమయ్యాయి. ఆయన గ్యాసు మీద కాచిన కాఫీ తాగి, అంతా బాగుందని వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరక్కముందే సిలిండర్లు ఆటో ఎక్కాయి. పాపక్క చేతిలోని గరిటెను గోడకేసి కొట్టింది. అంతకంటే ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

ఆదివారం మధ్యాహ్నం షెడ్ల మధ్య అందరూ కూడారు. పాపక్క మొగుడు రామాంజినప్ప భయస్తుడు. పొయ్యి ఆపితే మనల్ని తరిమి బీహారోళ్ళను పెట్టుకుంటారన్నాడు. చాలామంది తలలూపారు. వంటింటి గొడవ ఆడోళ్ళే చూసుకోవాలన్నాడు ఇంకొకడు.

అప్పుడు మస్తాన్ లేచాడు. కట్టెలు నానబెట్టే తొట్టి దగ్గర అతని పని. "నేను ఆ కట్టె ముట్టుకోవాలంటే గ్లౌజులు ఏసుకోమంటారు. అదే కట్టె అక్క వొట్టిచేతుల్తో కాల్చాల. ఇది వంటింటి గొడవా అప్పా?" అని అడిగాడు.

"మీరు తినే కంచం తోమింది గూడా ఆ బూడిదతోనే," అంది పాపక్క. "బీహారోళ్ళొస్తే వాళ్ళ ఊపిరి రాతిదా? వాళ్ళూ మనలాంటోళ్ళే గదా. వాళ్ళనీ సావమందామా?"

తిట్టుకున్నారు, అరుచుకున్నారు, ఒకరిద్దరు లేచిపోయారు. సాయంత్రానికి మాత్రం ఒక మాట మీదికొచ్చారు. గ్యాసు వచ్చేదాకా పొయ్యి ముట్టించేది లేదు, పనికి గేటు లోపలికి పోయేది లేదు.

సోమవారం సుబ్బరాయుడు వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. ఆడవాళ్ళు దాని చుట్టూ కూర్చున్నారు. అతను బెదిరించాడు, తర్వాత బుజ్జగించాడు. పాపక్క లేచి తన పీట అతని ముందుకు జరిపింది.

"కూచో అన్నా. నువ్వే ముట్టించు. అన్నం ఉడికేదాకా ఈడనే కూచో. రేపట్నుంచి మేం కూచుంటాం."

సుబ్బరాయుడు పీట వైపు చూశాడు, పచ్చరంగు కట్టెల వైపు చూశాడు. ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు.

కూలీలు ఖాళీ కడుపులతో గేటు ముందు బైఠాయించారు. బూడిద ఎగరకుండా తడిపి, గ్లౌజులు తొడుక్కుని గోతాలకెత్తి, ఎవరి సొత్తు వాళ్ళకే అని గేటు దగ్గర పేర్చారు. మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పాపక్కను, మస్తాన్‌ను ఎక్కమన్నాడు. ఏం తప్పు చేశామని మస్తాన్ అడిగాడు.

"కంపెనీ గేటు ముందు విషం పారబోశారని కంప్లైంటు వచ్చింది."

పాపక్కకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా మండిపోయింది. జనం వైపు తిరిగింది.

"విన్నారా? మన పొయ్యిలో ఉన్నంతకాలం అది వొట్టి బూడిద. వాళ్ళ గేటు కాడికొస్తే విషమైపోయిండాది."

ఆ మాట వరసలు దాటుకుంటూ వెనక్కి పోయింది. ముందు గొణుగుడు, తర్వాత హోరు. లాఠీలు లేచాయి. భయస్తుడైన రామాంజినప్పే వెళ్ళి జీపు ముందు కూర్చున్నాడు. అతన్ని ఈడ్చేస్తే ఓబులమ్మ కూర్చుంది. ఆమెను ఈడ్చేస్తే ఇంకొకరు.

చివరికి పాపక్కను, మస్తాన్‌ను ఎక్కించుకుని జీపు కదిలింది. పాపక్క మనసులో గెలిచామన్న మాటే లేదు. ఆకలి, కోపం, రేపేమవుతుందోనన్న బెంగ. పక్క కంపెనీ షెడ్ల ముందు కూడా అవే కట్టెలు పొగలు కక్కుతున్నాయి. విషం గొడవ విని అక్కడి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. వాళ్ళలో ఒక ముసలమ్మ జీపులోని పాపక్కను చూసింది. ఏమీ అడగలేదు. లోపలికి పోయి బిందె తెచ్చి, మండుతున్న పొయ్యిలో నీళ్ళు కుమ్మరించింది.

ఆమె పక్కనున్న పొయ్యి కూడా చుయ్యిమంది.