కుంపటి మీది పేజీ

లక్క చల్లారితే రాయి అంటదు. అందుకే లాడ్ బజార్ దుకాణాలకు గాజులు చేసే మహబూబున్నీసా చేతులకు పగలంతా తీరిక ఉండదు, కళ్ళకే కాస్త దొరుకుతుంది. అది చూసి పక్కింటి టీచరు కళావతి తన ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలోంచి కాంప్లిమెంట్ల పేజీ చించి, లక్క కాచే కుంపటి పైన గోడకు మైదాతో అంటించింది. మహబూబున్నీసా ఈసారి రాసే మెట్రిక్ పాసైతే చిన్నపిల్లల బడిలో టీచరు పని దొరుకుతుంది. ఆ పనికి వయసు గడువు ఈ ఏడాదితో సరి.

‘షి ఈజ్ ఎ టీచర్’ అన్నప్పుడు చివరి మాట లేకపోతే ఆమె ఎవరో తెలియదనీ, ఆ లోటు తీర్చే మాటే కాంప్లిమెంట్ అనీ పేజీలో పై సగం చెప్పింది. మహబూబున్నీసా దాన్ని వారాల తరబడి కంఠతా పట్టింది. కింది సగానికి దిగేసరికి పొగ దాన్ని నల్లగా మింగేసింది.

కళావతిని అడిగితే పోయేదేముందని మనకు తేలిగ్గా అనిపిస్తుంది. ఒకరి పుస్తకం పాడుచేసిన ముఖంతో వాళ్ళ గడప తొక్కడం ఆమె వల్ల కాలేదు. పైనున్నదే కిందా ఉంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకుంది.

పరీక్షలో కింది సగమే అడిగారు. ఇంగ్లీషు నాలుగు మార్కుల తేడాతో పోయింది.

ఫలితాల రోజు ఇంటికొచ్చిన కళావతి తడిగుడ్డతో ఆ మసి తుడవబోతే, కాగితం ముద్దగా ఊడి చేతిలోకొచ్చింది.

"నువ్వు గుస్సా అయితవని చెప్పలే, బహెన్."

"నాకొక్క మాట చెప్తే అయిపోతుండె గద, ఆపా. ఇంట్ల గిసొంటి బుక్కే ఇంకోటి ఉన్నది."

మహబూబున్నీసా తల వంచి గాజు మీద రాయి పెట్టింది. అది అంటలేదు.