బోర్డు మీద నా పేరు

పల్లీల పొట్లాలకు పాత పేపరే మేలు. కొత్త పేపర్ సిరా చేతికంటుకుంటుంది. రోజూ పొద్దున పది గంటలకు బార్ వెనుక వంటింట్లో కూర్చుని నేను చేసే మొదటి పని అదే. ఒక్కో షీటును నాలుగు ముక్కలు చేసి, చుట్టి, కింద మడతపెట్టి, దొంతరగా పేర్చాలి. చించేముందు చదవడం నాకు అలవాటు. పదో తరగతితో ఆగిపోయిన నా చదువుకు మిగిలింది ఆ అలవాటొక్కటే. ఆ శుక్రవారం పాత పేపర్లు అయిపోయి, ముందురోజు పేపర్‌నే చేతిలోకి తీసుకున్నాను. జిల్లా పేజీలో కింది మూలన చిన్న ప్రకటన ఉంది. తొంభై ఒకటిలో అలాంటివి రోజుకు రెండో మూడో పడేవి. అన్నల నుంచి, అంటే నక్సలైట్ల నుంచి, చీటీ అందినవాళ్లు ఫలానా పదవికి రాజీనామా చేశాననో, ఫలానా వ్యాపారం మానేశాననో పేపర్‌లో వేయించుకునేవాళ్లు. ఎవరో పాపం అనుకుంటూ చదవడం మొదలుపెట్టాను.

"సిరిసిల్లలోని సరోజన బార్ అండ్ రెస్టారెంట్‌తో నాకు ఎలాంటి సంబంధం లేదు. అది పూర్తిగా నా భార్య సరోజన సొంత వ్యాపారం. వద్దని నేను ఎంత వారించినా ఆమె వినలేదు. ఇట్లు, విఠల్, ప్రభుత్వ ఉపాధ్యాయుడు."

నాతోపాటు వంట చేసే అజీజాబీ ఎదురుగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. నా మొహం చూసి కత్తి పక్కన పెట్టింది. ఆమెకు చదువు రాదు. ఏముందో బయటికి చదవమంది. చదివాను. ఆ మూడు వాక్యాలు పూర్తి చేయడానికి నేను మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

"సారు ఎన్నడు వద్దన్నడు బిడ్డా?" అంది అజీజాబీ. "బోటిల కారం తక్కువైందన్నడు గని, బారు వద్దని ఎన్నడన్నడు?"

మరోరోజైతే ఆ మాటకు ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం.

మూడేళ్ల కింద ఆయన కాగితాలు తెచ్చిన రోజు నేను గంజి వంచుతున్నాను. చేతులు తుడుచుకుని రమ్మన్నారు. సర్కారు నౌకరి చేసేవాడు వ్యాపారం చేయకూడదు కాబట్టి లైసెన్సు నా పేరిట తీసుకుంటున్నానని, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేయమని అన్నారు. చేశాను. చదివి చేయాలని నాకు తట్టలేదు. పల్లీల పొట్లాన్ని కూడా చదవకుండా చించని మనిషిని, ఆ కాగితాలు మాత్రం చదవలేదు. మొగుడు తెచ్చిన కాగితం చదివితే అనుమానించినట్టవుతుందన్నది ఆడవాళ్లకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. తర్వాత చుట్టూ పచ్చ బల్బులతో, నా పేరుతో బోర్డు లేచింది. పెళ్లాం పేరు పెట్టుకున్నాడు, ఎంత ప్రేమో అని చుట్టాలంతా అన్నారు. దాచడమెందుకు, నేనూ మురిసిపోయాను. పదిహేనేళ్ల కాపురంలో నా పేరు రాసి ఉన్న వస్తువు అదొక్కటే.

ఆ మురిపెం నెల తిరగకుండానే పోయింది. సాంచెలు, అవే మరమగ్గాలు, బందయ్యే వేళకు కార్ఖానాల నుంచి బయటపడే మగవాళ్లు "సరోజన కాడికి పోదాం పా" అనుకుంటూ మా సందులోంచే వచ్చేవాళ్లు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నా చెవినే పడేది. ఆయనతో చెప్పాను. నీ పేరుకు గిరాకీ వచ్చింది, సంతోషపడు అని నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ వినపడుతుంది. బోరింగ్ దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్లు. తమ మొగుళ్లకు తాగబోస్తున్నది సరోజనే అని వాళ్ల లెక్క. బోర్డు మీద ఉన్న పేరు అదే మరి. పంద్రాగస్టు నాడు బడిలో మద్యం ఇల్లు ముంచుతుందని గంటసేపు ప్రసంగించే సారును మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. బడి కోనరావుపేట దగ్గర, బారు సిరిసిల్లలో. ఆ రెండింటి మధ్య తిరిగే బస్సులోనే ఆయన తన పెద్దమనిషితనాన్ని ఎక్కించి దించుకునేవారు.

ఇంతకీ నా బార్ లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆడది ముందరికి వస్తే ఇజ్జత్ పోతుందని అత్తమ్మ మల్లవ్వ మొదటిరోజే గీత గీసింది. పెరటి దారిన వంటింట్లోకి వచ్చి, పెరటి దారినే ఇంటికి పోవాలి. పొద్దున మేక పేగుల బోటిని వేడినీళ్లలో వేసి గీకడం, శనగ గుడాలు ఉడికించడం, పల్లీలు వేయించడం, మధ్యలో ఇంటికి పోయి అత్తమ్మకు అన్నం పెట్టడం, మళ్లీ రావడం. గోడకున్న చదరపు కంతలోంచి పళ్లేలు అటు పోయేవి, ఎంగిలి పళ్లేలు ఇటు వచ్చేవి. కంతలో చేతులే కనపడేవి. నూలు పీచు అంటుకున్న చేతులు, గోరు ఊడిన చేతులు, ఉంగరాల చేతులు. మూడేళ్లు చేతులకు వండిపెట్టాను. నాది పని అని ఎవరూ అనలేదు, ఇంటిమనిషి సాయం అన్నారు.

సోమవారం పొద్దున షట్టర్ మీద ఎర్ర సిరాతో చీటీ అంటించి ఉంది. బార్ యజమాని సరోజనకు హెచ్చరిక అని మొదలు. పది రోజుల్లో బారు మూయాలి, లేకపోతే శిక్ష తప్పదు అని చివర. శిక్ష అంటే ఏమిటో ఆ ఏడాది మా దగ్గర ఎవరూ అడిగేవారు కాదు. మంగళవారం ఆయన వేటకూర తెచ్చి వండమన్నారు. తింటూ తింటూ, నా భయం చూసి, నా వీపు నిమిరారు.

"నేనున్న గదా. నువ్వేం భయపడకు" అన్నారు.

ఆ మాట నమ్మాను. రెండో గరిటె కూర వేశాను. బుధవారం, జగిత్యాలలో అక్కకు బాగా లేదని బస్సెక్కారు. గురువారం పేపర్‌లో ఆ ప్రకటన పడింది.

ఆ పేపర్ పట్టుకుని అత్తమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఉలిక్కిపడుతుందనుకున్నాను. తమలపాకుకు సున్నం రాసుకుంటూ నింపాదిగా వింది. ఆమెకు ముందే తెలుసు.

"అన్నలు ఆడోళ్లను ఏమనరు. వాణ్నైతే సంపుతరు" అంది. "ఇంటి మొగోని పానం కోసం గింత ఓర్సుకుంటే నీదేం పోతది?"

నాదేం పోతుంది. ఆ ప్రశ్నను పట్టుకుని మధ్యాహ్నమంతా పెరట్లో కూర్చున్నాను. ఆడదాన్ని కాబట్టి బారు ముందరికి రాకూడదు, ఆడదాన్ని కాబట్టి తుపాకి ముందరికి పోవచ్చు. మరి ఏమన్నా అంటే? వాళ్లు ఏమీ అనరని రాసిచ్చింది ఎవరు? ఆయన నన్ను పెట్టి పరీక్ష చేస్తున్నారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు తీసి నలిపినట్టు. ఒక చెడ్డ ఆలోచన కూడా వచ్చింది, దాచను. బారు ఎవరిదో, కాగితాలు ఎవరు తెచ్చారో, జగిత్యాలలో ఎవరింట్లో ఉన్నారో ఒక్క ముక్క రాసి పేపర్‌కిస్తే చాలు, చీటీ మీద పేరు మారిపోతుంది. చాలాసేపు ఆ వాక్యాన్ని నోట్లో తిప్పుకున్నాను. కానీ ఆయన నాకు చేసిందే నేను ఆయనకు చేస్తే, ఇద్దరం కలిసి చేసిన కాపురంలా మిగులుతుంది అది. నాకు ఆయనతో కలిసి చేసేది ఇంకేదీ వద్దనిపించింది. ఏడుపు అప్పుడు వచ్చింది. చచ్చిపోతానని కాదు, మంగళవారం వేసిన ఆ రెండో గరిటె కూర గుర్తొచ్చి.

మొహం కడుక్కుని, ఇనప్పెట్టెలోని లైసెన్సు తీసుకుని ఆబ్కారీ ఆఫీసుకు పోయాను. లైసెన్సు వాపసు ఇస్తున్నానంటే అక్కడి అధికారి తలెత్తకుండానే నవ్వాడు. సారును తోలుకురమ్మన్నాడు, ఇవి మగవాళ్లు మాట్లాడుకునే పనులన్నాడు. నేను పేపర్ ముక్కను బల్ల మీద పరిచాను.

"సారుకు ఏం సంబంధం లేదని సారే రాసిండు" అన్నాను. "బారు పూర్తిగ నాదేనట."

అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత నాకు కూర్చోవడానికి కుర్చీ చూపించాడు. ఎక్కడెక్కడ సంతకం చేయాలో అతను వేలు పెట్టి చూపించబోతే, ఆగమని చెప్పి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి చేశాను.

తిరిగొచ్చి మొదటిసారి ముందు తలుపు నుంచి బారులోకి అడుగుపెట్టాను. నలుగురు తాగుతున్నారు. నన్ను చూసి ఎవరో పనిమనిషి అనుకున్నారు. బారు బందయింది, లేవండి అన్నాను. ఎవరు నువ్వని ఒకడు అడిగాడు. సరోజనను అని చెప్పాను. గ్లాసులు అక్కడే వదిలేసి లేచారు. అజీజాబీ, నేను చెరోపక్క పట్టి షట్టర్ కిందికి గుంజాం. తమ గల్లీలో కిరాయికి ఒక అర్ర ఖాళీగా ఉందని, ఇద్దరికీ వంట బాగా తెలుసు, బతకలేమా అని ఆమె అంది. బతకగలమన్నాను.

తర్వాత పేపర్ విలేకరి నారాయణ దగ్గరికి పోయాను. బస్టాండు ముందర చిన్న గదిలో కూర్చుంటాడు. నన్ను చూడగానే అతని మొహం చిన్నబోయింది. మా ఆయన ప్రకటన ఎప్పుడిచ్చారని అడిగాను.

"మంగళారం పొద్దుగాల్నే ఇచ్చి పోయిండక్కా."

అంటే వేటకూర కంటే ముందే. వీపు నిమిరిన చెయ్యి అప్పటికే ఆ సంతకం చేసి వచ్చింది. ఇంక నాకు కలతేమీ మిగల్లేదు. రాసుకోమన్నాను. నా పేరిట ఉన్న సరోజన బారును ఈ రోజు మూసేశానని, లైసెన్సు ఆబ్కారీ ఆఫీసులో తిరిగి ఇచ్చేశానని చెప్పాను. నారాయణ రాసి, ఒకసారి చదివి వినిపించి, ఇది చాలక్కా, అన్నలు ఇంక నీ జోలికి రారు అని కలం మూత పెట్టబోయాడు.

"ఇంకొక్క మాటున్నది తమ్మీ" అన్నాను.

విని, అతను కలం పక్కన పెట్టాడు. "గిది అచ్చయితే మళ్ల వాపసుండదక్కా. సోంచాయించుకో" అన్నాడు.

"నేను కొత్తగ ఏం చెప్తలేను. ఆయన మాటనే. రాయి."

అతను తలవంచుకుని రాశాడు. కాగితం నావైపు తిప్పుకుని చదివాను.

"కోనరావుపేట వైపు బడిలో పనిచేసే విఠల్ అనే ఉపాధ్యాయునితో నాకు ఎలాంటి సంబంధం లేదు. ఇట్లు, సరోజన."