సాంబమూర్తి సేటు వేసిన కొసరు

నేను ఒక త్రాసును. అలాగని బస్తాలు తూచే కాటా అనుకోకండి, నాకు కోపం వస్తుంది. నా పళ్లేలు రెండూ కలిపి అరచేతిలో ఇమిడిపోతాయి. ఒక కంచరి మేస్త్రి నా కాడను ఆకురాయితో అరగదీసి, అది అటూ ఇటూ ఒరగకుండా నిలిచాకే ఆ పూట అన్నం తిన్నాడు.

మొదట ఒక అత్తరు వ్యాపారి దగ్గర ఉన్నాను. ఆయన దుకాణం ఎత్తేశాక, మంచిర్యాలలో సుగంధ ద్రవ్యాలు అమ్మే సాంబమూర్తి సేటు దగ్గరికి చేరాను. కుంకుమపువ్వు, పచ్చకర్పూరం, కస్తూరి పసుపు నలభై ఏళ్లు తూచాను. సేటుకో అలవాటు. కాడ సమంగా నిలిచాక రెండు వేళ్లతో ఇంకో చిటికెడు వేసి, "కొసరు గూడ ఏసిన తల్లీ" అనేవాడు. వేసేది రవ్వంత, చెప్పేది వీధంతా వినబడేలా.

ఒకరోజు ఆయన స్నేహితుడు జబ్బార్ సాబ్ వచ్చాడు. ఇద్దరు మనుషులను చంపిన పులిని కాల్చమని సర్కారు ఆయనకు కాగితమిచ్చింది. ఆయన రైఫిల్ చాలా పెద్దది, దానికి తూటాలు బజారులో దొరకవు. అందుకని కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను దాచుకుని, తానే తుపాకిమందు తూచి మళ్లీ నింపుకునేవాడు. ఆయన త్రాసు వాగులో పడిపోవడంతో నా అవసరం వచ్చింది.

దుకాణం వెనక గదిలో కూర్చున్నారు. జబ్బార్ సాబ్ గాలి రాకుండా కిటికీ మూశాడు, సాంబ్రాణి నిప్పులు బయట పెట్టించాడు, బల్లమీద ఒకే ఒక డబ్బా ఉంచాడు. చిన్న పుస్తకం చూసి నా ఎడమ పళ్లెంలో తూనికరాళ్లు పెట్టాడు. "ఇంతనే సేటూ. రవ్వ గూడ ఎక్కువ గావద్దు."

సేటు డబ్బాలోంచి తీసి పోస్తుంటే కుడి పళ్లెంలో బూడిదరంగు పలుకులు పడ్డాయి. వాసన కొత్తగా ఉంది. ఇది పూజకా, పాయసంలోకా? ఏమిటో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆత్రం. కాడ సమంగా నిలిచింది. జబ్బార్ సాబ్ గొట్టాలకు పగుళ్లున్నాయేమోనని తలుపు దగ్గర వెలుగులో పరీక్షిస్తున్నాడు. ఇంతలో సేటు వేళ్లు ఇంకో చిటికెడు వేశాయి! నేను ఒరిగాను. నోరుంటే అరిచేదాన్ని. ఆయన లెక్కలో కొసరు తూకంలోకి రాదు, అది మర్యాద. ఎనిమిది గొట్టాలకూ అదే మర్యాద జరిగింది.

జబ్బార్ సాబ్ వచ్చి గొట్టాలన్నిటిలోకీ తొంగి చూశాడు. పొరపాటున ఒకదాంట్లో ఎక్కువ పడితే మట్టం తేడా తెలిసేది. ఇక్కడ అన్నిట్లోనూ ఒకేలా ఎక్కువ. తృప్తిగా తలూపి, మొదటి గుండు బిగించబోయాడు.

సేటు ఉండబట్టలేకపోయాడు. "పులి సంగతి గద సాబ్, అన్నిట్ల కొసరు గూడ ఏసిన."

గుండు కింద పెట్టి, జబ్బార్ సాబ్ ఎనిమిది గొట్టాలనూ తిరిగి డబ్బాలోకి వంచేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా అన్న గిట్లనే రవ్వ ఎక్కువ ఏసిండు. తుపాకి ఎనక నుంచి పగిలింది. రెండు కండ్లు పోయినయి. గిప్పటికీ నేనే చెయ్యివట్టి నడిపిస్త, సేటూ."

సేటు ముఖం తెల్లబోయింది. మళ్లీ మొదలుపెట్టారు. కాడ నిలవగానే సేటు తన కుడిచెయ్యి తొడ కింద పెట్టుకునేవాడు, జబ్బార్ సాబ్ ఇంకోసారి తూచి చూసేదాకా తీసేవాడు కాదు. పొద్దు వాలేసరికి పని అయింది.

మర్నాడు గోదావరి ఇసుకలో ఒక తూటా కాల్చి చూడాలి. సేటు నన్ను జేబులో వేసుకుని వెంట వెళ్లాడు.

"దూరం పో సేటూ."

"పోను సాబ్. తూచింది నేనే గద."

పక్కనే నిలబడ్డాడు. జేబులో ఉన్న నాకు ఆయన గుండె దడదడ తప్ప మరేమీ వినబడలేదు. అంతలో పేలింది. జబ్బార్ సాబ్ ఖాళీ గొట్టాన్ని బయటికి తీసి, తిప్పి తిప్పి చూసి, సేటు అరచేతిలో పెట్టాడు. అది కాలుతున్నా సేటు వదల్లేదు.

"సాబ్, కండ్లు మంచిగ కనవడ్తున్నయా?"

"మంచిగ కనవడ్తున్నయి. నువ్వు ఏడుస్తున్నది గూడ కనవడ్తుంది."