మూడు వందల వాక్యాలు

పాస్‌వర్డ్ తప్పని ఆ కంప్యూటరు ఒక్కసారైనా అనలేదు. అని ఉంటే రికార్డుకీపరు మనస్సు కొంత కుదుటపడేది. కొట్టిన అక్షరాలను సవినయంగా స్వీకరించి, తెరను క్షణకాలం చీకటి చేసి, మళ్ళీ అదే గడప ముందు, అదే పేరు కింద, అదే ఖాళీ గడి చూపిస్తూ నిలబెట్టేస్తోంది. ఉదయం నుంచి ఇది పదకొండోసారి.

కోర్టు రికార్డు గదిలో ముప్పైమూడేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి ఆయన. ఓర్పుకు కొదవ లేదు. కానీ ఆ రోజు ఓర్పు పనికివచ్చే రోజు కాదు. మర్నాడు పది గంటలకు స్పీచ్ థెరపిస్టు చేతికి అందించవలసినదంతా ఆ పాత కంప్యూటరులోనే ఉంది.

ఆయన భార్య దర్జీ. గొంతులో పుట్టిన రాచపుండును తీసివేయడానికి వైద్యులు మూడు వారాల క్రితం స్వరపేటికను సమూలంగా తొలగించారు. ఇప్పుడు ఆవిడ శ్వాస మెడ మీది చిన్న రంధ్రం గుండా సాగుతోంది. శస్త్రచికిత్సకు ముందు ఇరవై రోజులపాటు, థెరపిస్టు ఇచ్చిన కాగితం చూసి, ఆవిడ మూడు వందల వాక్యాలు చదివి రికార్డు చేసింది. వాటి నుంచి ఒక గొంతు తయారుచేస్తారట. ఆవిడ ఫోనులో అక్షరాలు కొడితే, ఆ ఫోను ఆవిడ గొంతుతోనే పలుకుతుందట. వాక్యాలన్నీ అయ్యాక కాగితంలో లేనివి కూడా ఏవో చెప్పుకున్నానని శస్త్రచికిత్స ముందు రోజు ఆవిడ అంది. ఏమిటవి అని అడిగితే, గొంతు వచ్చాక వినండి అని నవ్వింది. రికార్డు చేసేటప్పుడు చప్పుడు కాకూడదని ఆయనను వరండాలోకి తోలేసేది.

పలక పట్టుకుని వచ్చి వెనక నిలబడింది ఆవిడ. ఏమంటోంది అని రాసింది.

"నన్ను గుర్తుపట్టింది. లోపలికి మాత్రం రానివ్వడం లేదు" అన్నాడాయన.

ఆవిడ తుడిచి మళ్ళీ రాసింది: అచ్చం మీ అక్కగారే.

ఆయన నవ్వి, మరదలికి ఫోను చేశాడు. ఆవిడ ఒక కళాశాలలో కంప్యూటర్లన్నిటినీ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి. ఈ యంత్రంలో విండోస్ తీసేసి లినక్స్ వేసి ఇచ్చింది కూడా ఆవిడే.

"మా అక్కను ఏలుకున్నంత తేలికనుకున్నారా బావగారూ, లినక్సును ఏలుకోవడం?"

"మీ అక్క నన్ను ఏలుకుంది గానీ, నేనెప్పుడు ఏలుకున్నానమ్మా" అన్నాడాయన.

మరదలు చెప్పినట్లు మూడు మీటలు కలిపి నొక్కగానే బొమ్మలన్నీ మాయమై, నల్లని తెర మీద తెల్లని అక్షరాలు నిలిచాయి. అక్కడ అదే పాస్‌వర్డుకు తలుపు తెరుచుకుంది. ఆవిడ చెప్పిన ఆజ్ఞ కొట్టి, వచ్చిన అంకెను చదివి వినిపించాడు. నూటికి నూరు.

డిస్కు నిండిపోయిందనీ, తెరను తెరవడానికి అది నాలుగు ముక్కలు రాసుకోవాలనీ, రాసుకునే చోటు లేక ఆయనను బయటికి నెట్టేస్తోందనీ మరదలు వివరించింది. అంతలో అవతల ఎవరో ఆవిడను పిలిచారు.

"అరగంటలో చేస్తాను. పెద్దపెద్దవి ఏమున్నాయో చూసి కాగితం మీద రాసి ఉంచండి. నేను చెప్పేదాకా ఒక్కటి కూడా చెరపొద్దు బావగారూ."

ఆయన వెతికాడు. ఎంతోసేపు పట్టలేదు. తాత్కాలికం అని అర్థం వచ్చే పేరున్న అరలో, అర్థంపర్థం లేని అంకెల పేరుతో ఒకే ఒక ఫైలు, మిగతా యంత్రమంతా కలిపినా దానికి సరితూగనంత పరిమాణంలో పడి ఉంది.

పనికిరాని కాగితాలను ఏరి నాశనానికి పంపడం రికార్డు గదిలో ఆయన ప్రత్యేక విద్య. ముప్పైమూడేళ్ళలో ఆయన పంపినది తిరిగి కావాలని ఎవరూ అడగలేదు. మూడు వందల వాక్యాలంటే ఎంత? ఒక్కొక్కటి ఒక్క ఊపిరి పొడుగు. ఇంత భారీగా ఉండే అవకాశమే లేదు. పైగా అప్పగించిన సొత్తును ఎవరైనా తాత్కాలికపు అరలో పడేస్తారా? రికార్డింగు ప్రోగ్రాము దానిని తన కడుపులో ఎక్కడో భద్రంగా దాచుకునే ఉంటుంది. ఇది ఏదో పాత చెత్త.

పది నిమిషాలు ఆగి, చెరిపేశాడు. నిజమేనా అని ఆ యంత్రం ఒక్కమారైనా అడగలేదు.

ఈసారి తలుపు తెరుచుకుంది. నీలిరంగు తెర, దాని మీద వరుస తప్పని బొమ్మలు. ఆయన చప్పట్లు కొట్టి భార్యను పిలిచాడు. నవీకరణలు, అంటే అప్‌డేట్లు, మిగిలి ఉన్నాయి, దించనా అని తెర మీద ఒక గడి అడిగితే, ఆ ఉత్సాహంలో దానికీ సరేనన్నాడు. ఖాళీ అయిన చోటులోకి కొత్త సరుకు దిగడం మొదలైంది. అది దిగుతుండగా రికార్డింగు ప్రోగ్రాము తెరిచాడు. ఏమీ లేదు. తెల్లని ఖాళీ.

ఫోను మోగింది. తలుపు తెరుచుకుందని విని, లోపలికి ఎలా వెళ్ళగలిగారని మరదలు అడిగింది. ఆయన చెప్పాడు.

"అక్క వాటిని సేవ్ చేసిందా బావగారూ?"

సేవ్ చేయవద్దని చెప్పింది తానే. కట్ట పూర్తి కాకుండా దేనికీ నంబరు వేయకూడదన్నది రికార్డు గదిలో ఆయన పెట్టిన నియమం. నువ్వు చదువుతూ పో, తెర మీది ఆ కిటికీ మూయకు, అన్నీ అయ్యాక వరుసగా నేనే సర్ది పెడతానని ఆవిడతో అన్నాడు. సేవ్ చేయని దానిని ఆ ప్రోగ్రాము తాత్కాలికపు అరలోనే ఉంచుతుందని మరదలు మెల్లగా చెప్పింది. మళ్ళీ తెరిచినప్పుడు, సగంలో ఆగిన పని ఉంది, తెచ్చిపెట్టనా అని అదే అడుగుతుందట.

"మరి అంత పెద్దదెందుకైంది?" అన్నాడాయన. తప్పించుకోవడానికి ఇంకా ఒక సందు ఉందేమోనన్న ఆశ ఆ ప్రశ్నలో ఉంది.

జవాబు, పక్కనే వింటున్న భార్య పలక మీద వచ్చింది. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మంచం ఖాళీ అయింది, వెంటనే రమ్మన్నారు. రికార్డింగు ఆపకుండానే లేచి వచ్చేశాను.

వాళ్ళు తలుపు తాళం వేసుకుని వెళ్ళిన తరవాత, మనుషులు లేని ఆ ఇంటిని ఆ యంత్రం డిస్కు నిండేదాకా వింటూనే ఉంది. ఆ పైన ఎప్పుడో కరెంటు పోయి ఆరిపోయింది.

వెంటనే కంప్యూటరు తీగ పీకేయమని మరదలు చెప్పింది. పీకేశాడు. సాయంత్రం కాకుండానే ఆవిడ వచ్చి, డిస్కును విప్పి తన యంత్రానికి తగిలించి, చెరిగినవాటిని వెతికే సాధనాలు ఒకటి తరవాత ఒకటి నడిపింది. నవీకరణలు దిగిన చోటల్లా పాత రాత పోయిందని చెప్పింది. బావను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

చివరకు పదకొండు నిమిషాలు దొరికాయి. ముగ్గురూ కూర్చుని విన్నారు. దూరాన ఒక వాహనం హారను. ఎక్కడో తలుపు గడియ. మళ్ళీ ఏమీ లేదు. మనిషి ఊపిరి కూడా లేదు. మరదలు ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆయన లేచి భార్య ఎదుట నేల మీద కూర్చున్నాడు. "నేనే" అన్నాడు. "నేనే చేశాను."

మరదలు పలక అందించబోయింది. భార్య దానిని చేత్తో పక్కకు నెట్టింది.

నెట్టి, ఆయన కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది. ఒక్క మాట కాదు, చాలా మాటలు. పెదవులు కదులుతున్నాయి, మధ్యమధ్య ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. మెడ మీది రంధ్రంలో గాలి మాత్రం వచ్చి పోతోంది. అది తిట్టో, ఓదార్పో, ఆ గదిలో ఒంటరిగా కూర్చుని చెప్పుకున్న మాటలేనో ఆయనకు తెలియలేదు.

"అర్థం కాలేదు" అన్నాడాయన. "ఇంకొక్కసారి చెప్పు."

ఆవిడ మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.