బూటులో టేపు

మా యూనివర్సిటీ అమ్మాయిల వాలీబాల్ జట్టు రెండేళ్లలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఈ ఏడు కూడా ఒక్కటైనా గెలవకపోతే జట్టు ఎత్తేస్తామని స్పోర్ట్స్ ఆఫీసర్ మొహం మీదే చెప్పేశాడు. అప్పటికి మిగిలినవి మూడే మ్యాచ్‌లు.

తప్పు నాది మాత్రం కాదని నా గట్టి నమ్మకం. సీజన్ మొదట్లో కోచ్ తలా ఒక తెల్ల టేపు ముక్క ఇచ్చి, ఎవరి లక్ష్యం వాళ్లు రాసుకుని బూటు లోపల అంటించుకోమన్నాడు. ‘మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు’ అని రాసుకున్నాను. నాతోపాటు బంతి కొట్టే సైరన్ కూడా అదే రాసుకుందట. దానికా పేరు ఊరికే రాలేదు, అది ‘నాదీ!’ అని అరిస్తే పక్క గ్రౌండ్‌లో ఆట ఆగిపోయేది. ఇంకేముంది, ఒకే బంతికి ఇద్దరం ఎగిరి నెత్తీ నెత్తీ కొట్టుకునేవాళ్లం. నెల తిరక్కుండా మా మధ్య మాటలు పోయాయి.

కెప్టెనక్క ఇదంతా చూస్తూనే ఉంది. మనిషి నా భుజం దాకా కూడా రాదు. బంతిని లేపి మాకందించడం ఆమె పని, చప్పట్లేమో కొట్టినవాళ్లకి. ఆమె చదువు ఆ ఏడుతో అయిపోతుంది. ఒకరోజు ప్రాక్టీసయ్యాక అందరి టేపులూ పీకించి తీసుకుంది.

“ఎవరిది వాళ్ల దగ్గరుంటే ఇలాగే తగలడుతుంది. ఇవాళ్టి నుంచి ఒకళ్లది ఇంకొకళ్ల పూచీ. ఎవరిది వచ్చిందో నోరు జారారంటే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు!”

ఒక్కొక్కరి మొహం చూసి ఏరి ఏరి ఇచ్చింది. నాకొచ్చింది అక్కదే. ‘నేను వెళ్లిపోయినా జట్టు ఉండాలి.’ ఒళ్లు మండింది. పాయింట్లయితే కొట్టి పారేస్తాను, దీన్నేం చేసుకోను?

వారం తిరిగేసరికి అన్నీ వింతలే. ఎప్పుడూ బెంచీ మీదుండే బెరుకుపిల్లకి సైరన్ పక్కన నిలబడి సర్వీస్ నేర్పుతోంది. నాకైతే కొట్టమని అడిగినట్టే వస్తున్నాయి బంతులు. నా ఆట పదునెక్కిందని తెగ మురిసిపోయాను. అయినా రెండు మ్యాచ్‌లు చేతిదాకా వచ్చి జారిపోయాయి.

ఆఖరి మ్యాచ్. అయిదో సెట్, పదమూడు పదమూడు. అంతకుముందు బంతికి దూకిన అక్క చీలమండ మడతపడి కూలబడింది. బెరుకుపిల్ల లోపలికొచ్చింది కానీ, బంతి లేపడం దానికి రాదు.

“నేను లేపుతాను,” అన్నాను.

“నువ్వు లేపితే కొట్టేదెవరు?” అన్నాడు కోచ్.

“సైరన్ ఉంది కదా సార్.”

అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. మొదటి బంతి వంకరగా లేపాను. సైరన్ ఎలాగో సర్దుకుని అవతల పడేసింది. పద్నాలుగు. ఇంకొక్క పాయింటొస్తే గెలుపే. బెరుకుపిల్ల చేసిన సర్వీస్ నెట్ దాటింది. బంతి తిరిగొచ్చేసరికి వెనక నుంచి ‘నాదీ!’ అన్న కేక. ఇన్నాళ్లూ నన్ను మండించిన ఆ కేక ఎటునుంచి వచ్చిందో అటే లేపాను. సైరన్ కొట్టిన దెబ్బకి అవతలివాళ్లు చేతులు కూడా ఎత్తలేకపోయారు.

అందరూ సైరన్ మీద పడ్డారు. నేను అక్క దగ్గరికి పరుగెత్తాను. ఐస్ పెట్టడానికి ఎవరో ఆమె బూటు విప్పి పక్కన పెట్టారు. అందులో టేపు కనిపించింది. ‘మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు.’ నా చేతిరాత.

నా ఆట కాదు పదునెక్కింది. సిగ్గుతో, ప్రేమతో ఏడుపు తన్నుకొచ్చింది. అంత మనిషి పక్కనే ఉంటే ఇన్నాళ్లూ తల దించి చూడలేదు నేను.

“పంతొమ్మిదికే పడిపోయానే,” అంది అక్క, తనే ఏదో తప్పు చేసినట్టు. “ఒక్కటి తగ్గింది నీకు.”