మెట్ల మలుపులో అద్దం

ఆరడుగుల నిలువు, నాలుగడుగుల వెడల్పు ఉన్న అద్దాన్ని ఒంటిచేత్తో, అదీ ఎడంచేత్తో, మెట్ల మలుపులో గంటసేపు నిలబెట్టిన మొనగాడు ఈ భూప్రపంచంలో ఒక్కడే. రెండో చేత్తో తాపీగా మీసం దువ్వుకున్నాడని కూడా చెబుతారు. చెప్పేది నేనేననుకోండి.

ఆ మొనగాడు అద్దాల కొట్లో పనివాడు. పొద్దస్తమానం అద్దాలు కోస్తాడు, నోరు తెరిస్తే కోతలు కోస్తాడు. అందుకని అందరూ అతన్ని కోతలరాయుడనీ, తీరిక లేనప్పుడు ఉత్త రాయుడనీ పిలిచేవారు. పెద్ద అద్దం మోయడానికి ఇద్దరు కావాలి గదా, ఆ రెండోవాడు పరదేశి. పనిలో చేరినప్పుడు "నాలుగు రోజులుండి పోతాను" అన్నాడు. ఏళ్లు గడిచినా పోలేదు. అందుకని అతనికి చుట్టమని పేరు పడింది.

చుట్టం మన మాటలు ఆ కొట్లోనే నేర్చుకున్నాడు. ఎవరో రాయుణ్ని "బావా" అనడం విని, స్నేహితుణ్ని అలా పిలుస్తారు కాబోలనుకుని, కనబడినవాణ్నల్లా బావా అనడం మొదలెట్టాడు. ఒకసారి యజమానినే అన్నాడు.

"ఎవర్రా నీకు బావ? నీ చెల్లెల్ని నాకెప్పుడిచ్చావు?" అన్నాడు యజమాని.

"చెల్లెలు మా ఊళ్లో ఉంది బావా. అడిగి చెప్తా."

యజమాని కుర్చీలోంచి పడినంత పనైంది. ఆనాటినుంచి రాయుడు రోజూ పొద్దున్నే "ఏమోయ్, మీ చెల్లెలు ఏమంది?" అనేవాడు. "నీ ఫొటో చూపించా బావా, ఇంకా నవ్వు ఆపలేదు" అనేవాడు చుట్టం. అదే వాళ్ల నమస్కారం.

తర్వాత చుట్టం దేశంమీద పొరుగుదేశం విరుచుకుపడింది.

టీవీలో ఆ కబురు చూసిన మర్నాడు రాయుడు కొట్లోకి వస్తూనే అలవాటుకొద్దీ "మీ చెల్లెలు" దాకా వచ్చి నాలుక కరుచుకున్నాడు. చుట్టం తలెత్తలేదు. తల్లీ తండ్రీ లేనివాడు, తనదని చెప్పుకోవడానికి ఆ పిల్ల ఒక్కతే. ఆమె ఫోను పలకడం లేదు. అప్పటినుంచి అతను ఎవర్నీ బావా అనలేదు. అసలు నోరు విప్పడమే తగ్గించాడు.

కొట్లో ఒక మూల ముక్కలపీపా ఉంటుంది. కోయగా మిగిలిన ముక్కల్ని ఎవరికి వాళ్లు కూర్చున్నచోటునుంచే అందులోకి గిరవాటేస్తారు. భళ్లుమంటుంది. ఇన్నేళ్లూ ఎవరి చెవికీ ఎక్కని మోత. ఇప్పుడది మోగినప్పుడల్లా చుట్టం భుజాలు ఎగిరిపడేవి. రాయుడు పీపా అడుగున గోనెసంచి వేసి, ఒక్కో ముక్కా వంగి లోపల పెట్టడం మొదలెట్టాడు.

"ఏంట్రా అది, పసిపిల్లాణ్ని పడుకోబెడుతున్నావా? జోల కూడా పాడు," అన్నాడు యజమాని.

"నడుం పట్టేసిందండీ. విసరలేకపోతున్నా."

నడుం పట్టేసినవాడు వంగుతాడా? యజమానికి ఆ సంగతి తట్టలేదో, తట్టే ఊరుకున్నాడో! మర్నాడు చూస్తే తనూ వంగుతున్నాడు.

అంతకు మించి ఏం చెయ్యాలో రాయుడికి తోచలేదు. సాయంత్రం ఇద్దరూ కలిసే బయల్దేరేవారు. వీధి మలుపులో చుట్టం తన గదివైపు తిరిగేవాడు. వెనకనుంచి ఏదో ఒకటి అందామని రాయుడు నోరు తెరిచేవాడు. ఊరందరి చెవులూ చిల్లులు పొడిచిన ఆ నోరు అక్కడికొచ్చేసరికి ఎండిపోయేది.

ఒకరోజు ఒక మేడ పై అంతస్తులో కిటికీకి అద్దం బిగించే పని పడింది. లిఫ్టులో పట్టలేదు. మెట్లమీద చుట్టం పైన వెనక్కి నడుస్తూ, రాయుడు కింద బరువు మోస్తూ ఎక్కారు. మలుపు దగ్గరికి వచ్చారో లేదో, చుట్టం జేబులో ఫోను మోగింది.

చెల్లెలికని విడిగా పెట్టుకున్న మోత అది. రాయుడికీ తెలుసు. చుట్టం ఉన్న మెట్టుమీదే ఆగిపోయాడు. చేతులు రెండూ అద్దంమీదే ఉన్నాయి. రాతిమెట్టుమీద దించితే అంచు పగులుతుంది. దించకపోతే ఫోను ఆగిపోతుంది. మళ్లీ లైను దొరుకుతుందని ఎవరు చెప్పొచ్చారు?

"వదులు," అన్నాడు రాయుడు.

"పగులుతుంది."

"నా కాళ్లమీద దించు. ముందు ఫోనెత్తవయ్యా మహానుభావా!"

చుట్టం అద్దాన్ని రాయుడి రెండు పాదాలమీదికి దించి, నాలుగు మెట్లెక్కి, గోడవైపు తిరిగి ఫోనెత్తాడు.

ఇప్పుడు మొదట చెప్పిన గొప్ప కాస్త సవరించుకోవాలి. ఒంటిచెయ్యి కాదు, రెండు చేతులు. వాటికి తోడు నుదురు, ఒక మోకాలు. మీసం దువ్వడానికి చెయ్యే కాదు, మీసమూ లేదు. గంటా కాదు, వేడి టీ చల్లారేంతసేపు. అయితే అతని కాలివేళ్లనడిగితే గంట పైనే అంటాయి.

అద్దంలోంచి చుట్టం వీపు కనబడుతోంది. దానిమీద నీడలా రాయుడి సొంత ముఖం. చుట్టం తన భాషలో గబగబా మాట్లాడుతున్నాడు. గొంతు లేస్తోంది, పడుతోంది. అది మంచి కబురో చెడ్డ కబురో తెలియలేదు. ఇన్నేళ్లలో ఆ భాషలో ఒక్క మాటైనా అడిగి నేర్చుకోలేదని రాయుడికి అప్పుడు తట్టింది. నాలుగు మెట్ల దూరంలో ఉన్న మనిషి ఎక్కడో ఉన్నాడు. తనిక్కడ ఒక్కడూ ఉన్నాడు.

పైనుంచి ఒకావిడ సంచీతో దిగింది.

"కాస్త జరుగు బాబూ."

"జరగలేనమ్మా."

"అద్దాన్ని నువ్వు పట్టుకున్నావా, నిన్ను అద్దం పట్టుకుందా?"

"ఇంకా తేలలేదమ్మా. కాసేపాగండి."

ఆవిడ చుట్టం భుజాలవైపు చూసింది. సంచీ దించి మెట్టుమీద కూర్చుంది.

చుట్టం తిరిగొచ్చి తన అంచు పట్టుకున్నాడు.

"ఉందా?" అన్నాడు రాయుడు.

"ఉంది." పట్టు సరిచేసుకుంటూ అన్నాడు. "ఇంట్లో ఒక్క కిటికీకీ అద్దం లేదంట. దుప్పట్లు కట్టుకుందంట."

రాయుడు అంచు కిందికి వేళ్లు జొప్పించాడు. "ఎత్తు," అన్నాడు.

పైకెళ్లి బిగించారు. బిగించాక కూడా చుట్టం తుడుస్తూనే ఉన్నాడు, అక్కడ అద్దమనేదే లేనట్టు కనబడేదాకా.

మర్నాడు రాయుడు కొట్లో కుంటుతూ తిరుగుతూ ఒంటిచెయ్యీ, గంటా, లేని మీసమూ అన్నీ వినిపించాడు. "ఎవడు చూశాడోయ్?" అన్నాడు యజమాని. "నేను చూశా బావా. గంట పైనే," అన్నాడు చుట్టం. కొట్టంతా గొల్లుమంది.

ఇందులో ఒకటి నేను కల్పించాను. ఫోను నిజం, మెట్టుమీద కూర్చున్నావిడ నిజం, నల్లబడ్డ కాలిగోళ్లూ నిజమే. ఆ "బావా" మాత్రం నాది. యజమాని అడిగినప్పుడు చుట్టం ఏమీ అనలేదు. ఫోను గుప్పిట్లో పెట్టుకుని, గుమ్మంలో నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. రాయుడు కోతలు మధ్యలో ఆపేసి, కుంటుకుంటూ వెళ్లి అతని పక్కన నిలబడ్డాడు.