తాళం వేస్తే ఫ్యాను రాదు, తీస్తే ఆఫీసు రానియ్యదు

ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు. అబద్ధాలు కలిపి చెప్పేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల ఊళ్లూ వేరే. ఇది కామారెడ్డి స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే ఖయ్యూం సంగతి. చూసినవాళ్లున్నారు, తుమ్మినవాడూ ఉన్నాడు.

ఖయ్యూం దుకాణం బోర్డు మీద ‘స్క్రూ విప్పకుండా రిపేరు’ అని రాసి ఉంటుంది. ఆ మాట ఊరికే పుట్టలేదు. మూత విప్పితే లోపలి మంచి సామాను తీసి పాతది పెడతారని చుట్టుపక్కల పల్లెల్లో గట్టి నమ్మకం. బీర్కూర్ నుంచి వచ్చిన ఒకాయనైతే లాప్‌టాప్ స్క్రూలన్నిటికీ పసుపు బొట్లు పెట్టి మరీ తెచ్చాడు, చెదిరితే తెలియాలని. ఖయ్యూం ఎవరితోనూ పోట్లాడలేదు. విప్పడమే మానేశాడు. జబ్బు ఏదైనా పైనుంచే, సాఫ్ట్‌వేరుతోనే కుదర్చడం నేర్చుకున్నాడు. పనిలేని స్క్రూడ్రైవరు తుప్పు పడుతుందని దాంతో చాయ్‌లో చక్కెర కలుపుకునేవాడు.

ఒక పొద్దున ఎల్లారెడ్డి బస్సు దిగి ప్రణీత వచ్చింది. ఆమె ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీకి మెడికల్ కోడింగ్ చేస్తుంది. అంటే, ఆస్పత్రి కాగితాల్లో డాక్టర్లు రాసిన రోగాలకు నంబర్లు వేసే పని. కొన్నాళ్లుగా లాప్‌టాప్ వేడెక్కి, నంబరు వేస్తుండగానే ఆరిపోతోంది.

“ఎంత వేడైతంది చెల్లె?” అన్నాడు ఖయ్యూం.

“మా అవ్వ దాని మీద అప్పడం కాల్చింది.”

“మజాకు చేస్తున్నవా?”

“ఒక దిక్కే కాలిందన్న. తిప్పేసరికి బంద్ వడ్డది.”

తర్వాతి మాటకు ఆమె మొహంలో నవ్వు లేదు. “మా మేడం ఆఖరుసారి అని చెప్పింది. ఇంకొక్కపారి మధ్యల తెగితే ఇంటికాడి పని బంద్. హైదరాబాదుల హాస్టల్ల ఉండి చెయ్యాలె.”

“హాస్టల్ల ఏమైతది?”

“పోయినేడు ఉండొచ్చిన. ఆడ పప్పుల గిన్నె అడుగు కనవడ్తది.”

ఖయ్యూం లాప్‌టాప్ తెరిచాడు. గుప్పున తంబాకు వాసన వచ్చింది. బస్సులో పక్కన ఎవరో బీడీలు తాగే పెద్దమనిషి కూర్చుని ఉంటాడనుకుని వదిలేశాడు. చెవి ఆనించి విన్నాడు. ఫ్యాను నీరసంగా తిరుగుతోంది. దానికి మందు అతని దగ్గర ఉంది. మామూలు ప్రోగ్రాములు ఏ పనైనా విండోస్‌ను అడిగి చేయించుకుంటాయి. ఈ టూల్ అడగదు. డ్రైవరనే సొంత మనిషిని అడుగు అరలోకి పంపి, నేరుగా ఫ్యాను చెవిలోనే ‘తిరుగు’ అని చెప్పిస్తుంది.

ఆ రోజు చెప్పించలేకపోయింది. ‘ఈ డ్రైవరు ఈ పరికరంలో లోడ్ కాదు’ అని తెర మీద వచ్చింది. అడ్మినిస్ట్రేటరుగా నడిపాడు, అదే మాట. పాత వెర్షన్ తెచ్చి వేశాడు. దాన్ని విండోస్ సెక్యూరిటీ చూసీచూడగానే మాయం చేసింది. అప్పుడు సెట్టింగుల్లో వెతుక్కుంటూ పోయి ‘మెమరీ ఇంటిగ్రిటీ’ అనే మీట దగ్గర ఆగాడు. అది ఆన్‌లో ఉంది.

“దర్వాజ కాడ జవాను నిలవడ్డడు చెల్లె,” అన్నాడు. “మన టూలు మంచిదే. గని దాని డ్రైవరుల ఒక కంత ఉన్నది. ఆ కంతల నుంచి దొంగలు జొర్రుతున్నరని దాన్ని రానిస్తలేడు.”

“మరెట్ల?”

“జవానుకు ఛుట్టీ ఇద్దాం, ఇంటికి పోనీ.”

మీట ఆఫ్ చేశాడు. దాని కిందే ఉన్న, చెడ్డ డ్రైవర్లను ఆపే ఇంకో మీటనూ ఆఫ్ చేశాడు. ఆర్పి వెలిగించాడు. టూల్ తెరుచుకుంది. ఫ్యాను వేగం పూర్తిగా పెంచగానే, పక్క దుకాణంలో జోకుతున్న చక్కెర కాటా మీంచి లేచిపోయేంత హోరు పుట్టింది. ఖయ్యూం ఆ హోరు విని మురిసిపోయాడు. గాలి బయటికి వస్తోందా లేదా అని కంతల దగ్గర చెయ్యి పెట్టి చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ప్రణీత ఫోను.

“ఆఫీసు లోపలికి రానిస్తలేదన్న. ‘మీ కంప్యూటర్ల రక్షణ బంద్ ఉన్నది’ అంటున్నది.”

రోగుల కాగితాలు చూసే కంపెనీ కదా, లాగిన్ చేసే ముందు వాళ్ల యాప్ ఆ మీటలన్నీ తడిమి చూసుకుంటుంది. ఖయ్యూం మీటలు మళ్లీ ఆన్ చేయించాడు. ఆఫీసు తలుపు తీసింది, ఫ్యాను టూల్ చచ్చింది. ఫ్యాను చస్తే వేడి, వేడైతే బంద్. ఇంకో కంపెనీ కొత్త టూల్ ఒకటి ఉంది, జవాను ఒప్పుకునే డ్రైవరుతో. ఆమె లాప్‌టాప్ మోడల్‌ను అది గుర్తుపట్టలేదు. విండోస్ కన్నా ముందే లేచే బయాస్‌లో ఫ్యానుకు సంబంధించిన మీట ఏమైనా ఉందేమోనని ఫోన్లోనే ఒక్కొక్క పేజీ చదివించాడు. లేదు.

“నేను చదివిన ఇంగ్లీషంత అయిపోయింది గని ఫ్యాను పేరు రాలే అన్న,” అంది ప్రణీత. “రేపటి పని ఎట్ల? బస్సుల వచ్చి పోతే డ్యూటీ టైముకు అందది.”

“నేనే వస్త.”

దుకాణం షట్టరు దింపి ఎవరింటికీ పోయే అలవాటు ఖయ్యూంకు లేదు. కానీ సాఫ్ట్‌వేరుతో కుదరలేదని ఎల్లారెడ్డిలో తెలిస్తే ఆ మాట కామారెడ్డికి బస్సుకన్నా ముందే వస్తుంది. మర్నాడు పొద్దున్నే లింగంపేట మీదుగా బండి మీద బయలుదేరాడు. అలవాటు కొద్దీ చాయ్ స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది.

వసారాలో ప్రణీత అవ్వ, అంటే తల్లి ఎంకవ్వ, బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మనిషిని చూస్తూనే ఉంది, చేతులు మాత్రం చూడకుండానే చుట్టుకుంటూ పోతున్నాయి.

“నువ్వేనా కొడుకా, ముట్టకుండనే రిపేరు చేసేటోనివి?”

“ముడ్తనవ్వా. విప్ప.”

“ముట్టి ఏం ఫాయిద అయింది?”

ఖయ్యూం ప్రణీత వైపు తిరిగాడు. “చెల్లె, నువ్వు రోజు ఎట్ల పని చేస్తవో గట్లనే కూసో. చూస్త,” అన్నాడు.

ఎంకవ్వ ఆకు పక్కన పెట్టి, చాటను రెండు తట్లు తట్టి, కొంగుతో తుడిచి కూతురికి ఇచ్చింది. ప్రణీత ఆ చాటను ఒళ్లో పెట్టుకొని, అందులో లాప్‌టాప్ పెట్టింది.

“ఇదేంది?” అన్నాడు ఖయ్యూం.

“ఒళ్లె పెడితే కాల్తది గదా. చాటలైతే కాలది. అంచు ఉంటది, జారది.”

“రోజు తుడిసే ఇస్త,” అంది ఎంకవ్వ.

తుడిచినా అల్లిక సందుల్లో తంబాకు చూర ఉండనే ఉంది. ఖయ్యూం ఒంగి, నిన్న పెట్టాల్సిన చెయ్యి ఇప్పుడు కంతల దగ్గర పెట్టాడు. చప్పుడు ఉంది, గాలి లేదు. ముక్కు దగ్గరపెట్టి పీల్చాడు.

అప్పుడు తుమ్మాడు. అలాంటిలాంటి తుమ్ము కాదు. ఎంకవ్వ కట్టిన బీడీల కట్ట విడిపోయింది. నాగిరెడ్డిపేటలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు మబ్బు వైపు చూశారు. పోచారం చెరువులో కొంగలు లేచి మెదక్ దిక్కు పోయి, మూడోనాటికి గాని తిరిగి రాలేదు.

కళ్లు తుడుచుకుని ఖయ్యూం అన్నాడు: “జవాను తప్పేం లేదు చెల్లె. పైనుంచి ఎంత హుకుం ఇచ్చినా కింద ఫ్యానుకు ఊపిరాడాలె గదా. విప్పాలె.”

“విప్పుతవా?” అంది ఎంకవ్వ. “బోర్డు మీద గట్ల రాసుకుంటివట గదా.”

“బోర్డు కామారెడ్ల ఉన్నదవ్వా. ఇది ఎల్లారెడ్డి.”

ఎంకవ్వ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఒక్కొక్క స్క్రూ వస్తుంటే చెయ్యి చాపి తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. స్క్రూడ్రైవరు చూసి, “దీనికి చీమలు వట్టినయేంది?” అని అడిగింది. ఖయ్యూం తర్వాతి స్క్రూ మీదికి వంగాడు.

మూత లేచింది. ఫ్యాను రెక్కల చుట్టూ, గాలి పోయే సన్నని రేకుల సందుల్లో, తంబాకు మెత్తగా దట్టించినట్టు ఉంది. వేడికి వేగి మంచి రంగు కూడా వచ్చింది.

“లోపలి సామాను నువ్వు తీస్తవనుకున్న,” అంది ఎంకవ్వ, “మాదే లోపల ఉన్నది. పారెయ్యకు, గిటు తే.”

ఖయ్యూం కుంచెతో దులిపిన చూరనంతా ఆమె కాగితంలో పట్టుకుంది. స్క్రూలు ఒక్కొక్కటి లెక్కగా తిరిగి ఇచ్చింది. మూత బిగించి వెలిగించాక ఖయ్యూం మొదట చేసిన పని, కంతల దగ్గర చెయ్యి పెట్టడం. వెచ్చటి గాలి వేళ్లకు తగిలింది. ఫ్యాను టూల్‌ను తీసేశాడు. మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లోనే ఉంచాడు, దాని కింది మీట కూడా. జవాను దర్వాజ దగ్గరే నిలబడ్డాడు, అతనికి తెలియకుండా లోపలికి పంపాల్సిన మనిషే లేకుండా పోయాడు.

డ్యూటీ టైముకు ప్రణీత లాగిన్ అయింది. ఈసారి చాట ఇవ్వనని ఎంకవ్వ చాట దాచింది. ప్రణీత లాప్‌టాప్‌ను పీట మీద పెట్టుకుని పని చేసింది. ఖయ్యూం చాయ్ మీద చాయ్ తాగుతూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. లాప్‌టాప్ ఆరిపోలేదు. ఆ నెలంతా లైను తెగలేదు, మేడం ఫోనూ చేయలేదు. మేడం ఫోను చేయకపోవడమంటే మెచ్చుకున్నట్టే. హాస్టల్ పప్పు ఇంకెవరి వంతుకో పోయింది.

కామారెడ్డి వెళ్లాక ఖయ్యూం బోర్డు మార్చలేదు. ‘స్క్రూ విప్పకుండా రిపేరు’ కింద చిన్న అక్షరాలతో ‘ఎల్లారెడ్డిలో తప్ప’ అని మాత్రం రాయించాడు.

ఆవగింజంత అబద్ధం లేదని మొదట్లో ఒక మాట అనుకున్నాం. ఆవగింజంత లేదు, నిజమే. అప్పడమంత ఉంది. ఎంకవ్వ లాప్‌టాప్ మీద అప్పడం కాల్చలేదు. ఉత్త వేడి అంటే ఎవరు వింటారని ఆ అప్పడాన్ని ఇక్కడ, ఈ కథలోనే ఒత్తాం. కొంగల సంగతి మాత్రం అనుమానం ఉన్నవాళ్లు పోచారం పోయి కొంగలనే అడగొచ్చు.